పడవల రేవు నుండి బెంజ్ సర్కిల్ వరకు: బెజవాడ కూడళ్ల పేర్లలో మజిలీల చరిత్ర

ఉపోద్ఘాతం

విజయవాడలో దారి అడిగినవారికి వచ్చే సమాధానంలో వీధి సంఖ్య గాని, రహదారి సంఖ్య గాని సాధారణంగా ఉండదు. ‘బెంజ్ సర్కిల్ దాటాక’, ‘రామవరప్పాడు రింగ్ దగ్గర’, ‘పడవల రేవు సెంటర్లో’, ‘స్క్రూ బ్రిడ్జి ఇవతల’ అనే మాటలలోనే ఊరి భూగోళం వ్యవహారంలో ఉంది. ఈ పేర్లు ఏ శాసనంలోనూ లేవు. వీటిలో చాలా వాటిని ఏ పాలకవర్గమూ తీర్మానించలేదు. అయినా లక్షల మంది నిత్యం వీటిని పలుకుతున్నారు, వీటి ఆధారంగా బస్సు ఎక్కుతున్నారు, వీటినే చిరునామాలుగా రాస్తున్నారు.

తెలుగులో స్థలనామ అధ్యయనం బలమైన శాఖ. కడప జిల్లా ఊర్ల పేర్లపై కేతు విశ్వనాథరెడ్డి చేసిన పరిశోధన, యార్లగడ్డ బాలగంగాధరరావు స్థలనామ పరిశీలనలు అందుకు ప్రసిద్ధ నిదర్శనాలు. అయితే ఈ శాఖ దృష్టి ప్రధానంగా గ్రామనామాలపై నిలిచింది. శాసనాలలోను, కైఫీయతులలోను, రెవెన్యూ దస్తరాలలోను ఆధారం దొరకడం అందుకు ఒక కారణం. నగర శివారులో రెండు రహదారులు కలిసే చోట పుట్టిన పేరుకు అటువంటి లిఖితాధారం తక్కువ. అందువల్ల అది అధ్యయనం వెలుపలే మిగిలింది.

బెజవాడ కూడళ్ల పేర్లను కాలక్రమంలో పరిశీలించి ఒక ప్రతిపాదన చేయడం ఈ వ్యాస లక్ష్యం. రెండు దారులు కలిసినంత మాత్రాన కూడలికి పేరు రాదు. ప్రయాణికుడు అక్కడ ఆగవలసి రావడం వల్ల వస్తుంది. ఆగినవానికి నీరు, నీడ, తిండి, మరమ్మతు, బస కావాలి. ఆ అవసరం తీర్చే సౌకర్యం ఆనవాలవుతుంది, ఆనవాలు పేరవుతుంది. ఆగవలసిన అవసరం తీరిపోయినా పేరు చాలాకాలం నిలుస్తుంది. ఈ సూత్రం వెలుగులో చూస్తే కృష్ణాతీరపు రవాణా చరిత్ర కూడళ్ల పేర్లలో పొరలు పొరలుగా కనిపిస్తుంది. నేటి పైవంతెనలు, పక్కదారులు ఈ క్రమంలో తెచ్చిన మార్పు ఏమిటో కూడా తెలుస్తుంది.

మజిలీ: ఆగడానికి ఉన్న పాత మర్యాద

బెజవాడకు సంబంధించిన తొలి తెలుగు పద్యశాసనమే ఆగడం గురించి మాట్లాడుతుంది. తొమ్మిదవ శతాబ్ది చివరికో, పదవ శతాబ్ది తొలి భాగానికో చెందినదని పండితులు భావించే యుద్ధమల్లుని బెజవాడ శాసనం మధ్యాక్కరలలో ఉంది. ఛందశ్శాస్త్ర దృష్టితో దీనిని విస్తృతంగా చర్చించారు. దాని విషయం మాత్రం కుమారస్వామి ఆలయం, దానికి అనుబంధమైన మఠం. పరిష్కర్తల అన్వయం ప్రకారం చేబ్రోలు నుండి జాతరకు వచ్చిన స్వామి బెజవాడను మెచ్చి ఇక్కడ నిలిచిపోయాడు. మఠంలో గొరవలు మాత్రమే ఉండాలని, ఇతరులు బస చేస్తే పాపం తగులుతుందని శాసనం నియమం విధిస్తుంది. కృష్ణకు అవతలి ఊరి నుండి వచ్చిన దేవుడు ఇవతలి ఒడ్డున ఆగడం, ఆ చోట ఎవరు ఆగవచ్చునో ఎవరు ఆగరాదో రాతిమీద చెక్కవలసి రావడం గమనింపదగినవి. నది దాటే చోట బస ఒక సౌకర్యమే కాక అధికార విషయం కూడా అయింది.

ఈ మర్యాద ఆధునిక యుగపు అంచు వరకు ఎలా సాగిందో ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ చూపుతుంది. 1830–31 సంవత్సరాలలో సాగిన ఆ యాత్రను ఆయన మజిలీల వరుసగా నమోదు చేశాడు. ప్రతి మజిలీలో నీటి వసతి ఉన్నదా, అంగళ్లు ఉన్నవా, దిగడానికి సత్రమో ముసాఫరుఖానాయో ఉన్నదా అన్నవి ఆయన నిలకడగా గమనించిన అంశాలు. ఊరి విలువను ప్రయాణికుని అవసరాల వైపు నుండి లెక్కించడం ఆ గ్రంథంలోని ప్రధాన దృష్టి. మధిర సుబ్బన్న దీక్షితులు కథల మాలకు ‘కాశీ మజిలీ కథలు’ అనే చట్రం తీసుకోవడంలోనూ ఇదే అనుభవం ఉంది. నడక ఆగిన చోట కథకు అవకాశం వచ్చింది.

కాలినడక, ఎడ్లబండి కాలంలో మజిలీని నిర్ణయించింది శరీరం. మనిషి అలసిపోయే దూరమే రెండు మజిలీల మధ్య దూరం. తరువాతి కాలాలలో యంత్రం ఆ నిర్ణయాన్ని తన చేతిలోకి తీసుకుంది.

రేవు, లాకు: నీరు ఆపిన చోటు

సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో మొదలైన కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయింది. సేద్యం దాని ప్రధాన ప్రయోజనం. ఆ కాలువలే రవాణా మార్గాలుగానూ పనిచేశాయి. ఏలూరు కాలువ బెజవాడ నుండి బయలుదేరి ఏలూరు వద్ద గోదావరి కాలువల వ్యవస్థను కలుస్తుంది. బందరు కాలువ మచిలీపట్నం వైపు, రైవస్ కాలువ గుడివాడ వైపు సాగుతాయి. అవతలి ఒడ్డున పశ్చిమ డెల్టా కాలువ నుండి కొమ్మమూరు కాలువ పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువతో కలుస్తుంది. అంటే గోదావరి తీరం నుండి మద్రాసు వరకు పడవ మీద వెళ్లగల జలమార్గానికి బెజవాడ కూడలి అయింది. ఈ కాలువల శ్రేణిని కలుపుకొని 2008లో నాలుగవ జాతీయ జలమార్గాన్ని ప్రకటించడానికి ఆధారం ఆ పాత వ్యవస్థే.

కాలువ ప్రయాణంలో ఆగడం తప్పదు. నేల వాలును బట్టి కాలువ నీటిమట్టం అంచెలంచెలుగా దిగుతుంది. ఒక మట్టం నుండి మరొక మట్టానికి పడవ మారడానికి రెండు తలుపుల మధ్య గదివంటి కట్టడం కావాలి. పడవ లోపలికి వచ్చాక వెనుక తలుపు మూసి, నీటిని నింపో, వదిలో ముందు మట్టానికి సరిచేసి, అప్పుడు ముందు తలుపు తెరుస్తారు. అదే లాకు. ఎంత తొందర ఉన్న పడవ అయినా లాకు వద్ద నిలవవలసినదే. డెల్టాలో ‘లాకులు’ ఊరి కూడలిగా స్థిరపడడానికి ఈ నిరీక్షణే కారణం. దుగ్గిరాల లాకుల వంటి వ్యవహారంలో యంత్రానికి ఉన్న ఆంగ్ల పదం తెలుగు బహువచనం తొడుక్కొని స్థలవాచకంగా మారింది.

బెజవాడలో ఈ పొరకు స్పష్టమైన సాక్ష్యం ‘పడవల రేవు’. ఏలూరు కాలువ ఒడ్డున, మాచవరం–గుణదల దారిలో ఉన్న ఈ ప్రాంతంలో నేడు సరుకు పడవ కనబడదు. రైలు, రోడ్డు పోటీకి తట్టుకోలేక కాలువ రవాణా క్షీణించి దశాబ్దాలైంది. పేరు మాత్రం నిలిచింది. ఆటోవాలాకు, బస్సు ప్రయాణికునికి అది ఒక సెంటర్. ‘రేవు’ అనే అచ్చ తెలుగు మాట నీటి అంచున దిగే చోటును, ఎక్కే చోటును ఒకేసారి చెబుతుంది. దానికి ‘పడవల’ అనే విశేషణం చేరడంలో ఈ రేవు స్నానానికో చాకిరేవుకో కాక రవాణాకు ప్రత్యేకించినదన్న భేదం భద్రంగా ఉంది.

కాలువల పేర్లలో మరొక విశేషం ఉంది. ఏలూరు కాలువకు సమీపంగా ఏలూరు రోడ్డు, బందరు కాలువకు తోడుగా బందరు రోడ్డు సాగుతాయి. రెండింటికీ గమ్యమే పేరు. ప్రయాణం చివరను చూపే పేరు దారికి, మధ్యలో ఆగే చోటును చూపే పేరు కూడలికి వచ్చాయి. ఈ పంపకం తరువాతి కాలంలోనూ చెదరలేదు.

స్టేజి, కంపెనీ, సెంటర్: మోటారు యుగపు ఆనవాళ్లు

1889లో సికింద్రాబాదు వైపు నుండి నిజాం రైలు మార్గం బెజవాడ చేరింది. శతాబ్ది ముగిసేలోగా తూర్పు తీరపు ప్రధాన మార్గం కూడా ఇక్కడ కలిసింది. రైలు ఆగే చోటును రైలు సంస్థే నిర్ణయిస్తుంది, పేరును పలక మీద తానే రాస్తుంది. అందువల్ల రైలు యుగం కొత్త ప్రజానామాలను తక్కువగా ఇచ్చింది. మోటారు బస్సు, లారీ మళ్లీ పేర్ల పుట్టుకకు తలుపు తెరిచాయి.

కృష్ణా డెల్టాలో బస్సు ఆగే చోటును గ్రామీణులు ‘స్టేజి’ అంటారు. ‘స్టేజి దగ్గర దిగాడు’, ‘స్టేజి మీద కాఫీ హోటలు’ అన్నవి సహజ ప్రయోగాలు. ఈ ఆంగ్ల పదానికి మూలార్థం ప్రయాణంలో ఒక అంచె, అంటే మజిలీయే. బస్సుల చట్టంలోని ‘స్టేజి క్యారేజి’ అనే పరిభాష ద్వారా అది ఊరి నోటికి వచ్చింది. ఒక అరబ్బీ మూలపు మాట చేసిన పనిని ఒక ఆంగ్ల మాట అందుకొంది. 1958లో రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడిన తరువాత ప్రభుత్వ బస్సులు విస్తరించినప్పుడూ ‘స్టేజి’ మారలేదు.

నగరంలో ఈ పొర మాట ‘సెంటర్’. తెలంగాణలో చౌరస్తా అనే చోట కోస్తాలో సెంటర్ అంటారు. అలంకార్ సెంటర్, అప్సర సెంటర్, పుష్పా హోటల్ సెంటర్ వంటి పేర్లలో ముందు పదం సినిమా హాలుదో హోటలుదో అవుతుంది. జనం గుమిగూడే, వేచి ఉండే, భోంచేసే చోట్ల నుండే ఈ పేర్లు వచ్చాయి. పోలీసు ఠాణా సంఖ్యను బట్టి పాత పట్టణానికి ‘వన్ టౌన్’ అనే పేరు రావడం, బస్సు స్టేషను తరలిన తరువాత కూడా ‘పాత బస్టాండు’ అనే పేరు నిలవడం ఇదే కోవలోవి.

ఈ వ్యాసానికి కేంద్రమైన పేరు బెంజ్ సర్కిల్. పాత తరం వ్యవహారంలో ఇది ‘బెంజి కంపెనీ’. బెంజి లారీల కంపెనీ ఉన్న చోటు కాబట్టి ఆ పేరు వచ్చిందని స్థానికంగా స్థిరపడిన వివరణ. దీనికి నేపథ్యం దేశీయ మోటారు పరిశ్రమ చరిత్రలో ఉంది. టాటా సంస్థ 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్–బెంజ్‌తో పదిహేనేళ్ల ఒప్పందం చేసుకొని లారీలు తయారుచేసింది. 1969 వరకు ఆ లారీల ముందు బెంజి నక్షత్రం ఉండేది. ఆ కాలంలో డెల్టా రైతుకు, సరుకు వ్యాపారికి ‘బెంజి’ అంటే విలాసమైన కారు కాదు, ధాన్యం బస్తాలు మోసే లారీ. నేటి వినికిడిలో సంపన్నతను సూచించే ఈ మాట వెనుక అసలు ఉన్నది బరువు మోసే బండి. అర్థ పరిణామానికి ఇది మంచి ఉదాహరణ. ఆధారం మరుగున పడితే పేరు తనంతట తాను కొత్త అర్థాన్ని వెదుక్కుంటుంది.

లారీ ఆగడానికి కారణం మరమ్మతు, విడిభాగాలు, డ్రైవరు భోజనం, నిద్ర. 1960వ దశకంలో బందరు రోడ్డుకు చేరువగా రూపుదిద్దుకొన్న జవహర్ ఆటోనగర్ ఈ అవసరాన్ని ఒక పేటగా మార్చింది. లారీ, బస్సు బాడీలు కట్టడం, ఇంజను పని, టైర్లు, విడిభాగాల వ్యాపారం అక్కడ కేంద్రీకృతమయ్యాయి. సత్రం, చలివేంద్రం నడక కాలపు బాటసారికి ఎలాగో, మోటారు కాలపు బాటసారికి ఆటోనగర్ అటువంటిది. మొదటివి ధర్మంగా నడిచాయి, ఇది వ్యాపారంగా నడిచింది. ఆటోనగర్ గేటు తానే ఒక ఆనవాలై, బందరు దారిలో దిగే చోటుగా నిలిచింది.

రింగ్, వారధి: ఊరిని తప్పించుకొనే దారి

1855 నాటి ఆనకట్ట 1952లో తెగింది. దాని స్థానంలో కట్టిన బ్యారేజీకి 1954లో శంకుస్థాపన జరిగింది. అది 1957 డిసెంబరులో ప్రారంభమై, అదే సంవత్సరం మరణించిన టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పొందింది. బ్యారేజీ మీద రోడ్డు ఉండడంతో మద్రాసు–కలకత్తా మార్గపు వాహనాలు నేరుగా పట్టణం నడుమకు వచ్చాయి. వాహనాలు పెరిగినకొద్దీ వాటిని ఊరి వెలుపలకు తప్పించవలసిన అవసరం ఏర్పడింది. బ్యారేజీకి దిగువన కనకదుర్గ వారధి, కృష్ణలంక మీదుగా బెంజ్ సర్కిల్, అక్కడి నుండి రామవరప్పాడు వరకు సాగే దారి ఆ ప్రయత్న ఫలితమే.

ఈ మార్గంలో పేర్ల స్వభావం మారింది. రామవరప్పాడు, ప్రసాదంపాడు, ఎనికేపాడు అనే ‘-పాడు’ అంత్యపు గ్రామనామాలు రోడ్డు కంటే చాలా పాతవి. వాటిలో మొదటి దానికి ‘రింగ్’ చేరి రామవరప్పాడు రింగ్ అయింది. బెంజి కంపెనీ కాస్తా బెంజ్ సర్కిల్‌గా స్థిరపడింది. ‘రేవు’, ‘కంపెనీ’, ‘హోటల్’ అనే మాటలు ఆ చోట ఏమి లభిస్తుందో చెబుతాయి. ‘రింగ్’, ‘సర్కిల్’ అనేవి రోడ్డు ఆకారాన్ని చెబుతాయి. మొదటివి దిగినవాడు పెట్టిన పేర్లు, రెండవవి బండి నడిపేవాని చూపు నుండి వచ్చినవి. బెంజ్ సర్కిల్ అనే సమాసంలో రెండు చూపులూ కలిసి ఉన్నాయి.

అయితే ఊరిని తప్పించుకోవాలని వేసిన దారిని ఊరే వచ్చి చేరింది. విజయవాడ 1888లో పురపాలక సంఘం, 1981లో నగరపాలక సంస్థ. పటమట, గుణదల, భవానీపురం వంటి గ్రామాలు క్రమంగా నగరంలో కలిశాయి. దారి వెంట విద్యాసంస్థలు, ఆసుపత్రులు, హోటళ్లు, కల్యాణ మండపాలు వెలిశాయి. గుణదలలో 1953 నాటి ఆంధ్ర లయోలా కళాశాల, 1980 నాటి సిద్ధార్థ వైద్య కళాశాల, రహదారి అంచున 1986లో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఇటు 1962 నాటి మేరీస్ స్టెల్లా కళాశాల ఈ తూర్పు వైపు వ్యాప్తికి గుర్తులు. ఫిబ్రవరిలో గుణదల కొండ మీద మేరీమాత ఉత్సవాలకు వచ్చే యాత్రికులు, విజయవాడ మీదుగా దూరప్రాంతాలకు రాత్రి బస్సు ఎక్కే విద్యార్థులు, పటమట రైతు బజారుకు కూరగాయలు తెచ్చే రైతులు ఒకే కూడలిని పంచుకొన్నారు. పక్కదారి నడిబొడ్డు దారి అయింది.

అధికార నామం, వ్యవహార నామం

ఏలూరు రోడ్డుకు కారల్ మార్క్స్ రోడ్డు అని, బందరు రోడ్డుకు మహాత్మాగాంధీ రోడ్డు అని అధికార నామాలు ఉన్నాయి. ఆ ఇద్దరి పట్ల నగరానికి గౌరవలోపం లేదు. ఒక పేరులో నగరపు వామపక్ష రాజకీయ చరిత్ర ఉంది, రెండవ పేరు దేశమంతటా ఉన్నదే. అయినా ఏలూరు పోయే దారి వ్యవహారంలో ఏలూరు రోడ్డుగానే ఉంది. గమ్యాన్ని చూపడం అనే పని ఆ పేరు చేస్తున్నంత కాలం గౌరవ నామం దాని పక్కన నిలుస్తుంది గాని దానిని తొలగించదు.

జాతీయ రహదారి సంఖ్యలది మరొక రకం కథ. చెన్నై–కోల్‌కతా మార్గం దశాబ్దాలపాటు అయిదవ నంబరు, పుణె–హైదరాబాదు–మచిలీపట్నం మార్గం తొమ్మిదవ నంబరు. 2010లో జరిగిన పునఃసంఖ్యీకరణతో అవి పదహారు, అరవై అయిదు అయ్యాయి. దేశపటంలో బెంజ్ సర్కిల్ గుర్తింపు ఒక్క ఉత్తర్వుతో మారింది. స్థానిక వ్యవహారంలో ఏ మార్పూ రాలేదు.

విగ్రహాల విషయం ఇంకొంత సున్నితం. 1972 డిసెంబరులో జై ఆంధ్ర ఉద్యమ కాలంలో మరణించిన కాకాని వెంకటరత్నం విగ్రహం చాలాకాలం బెంజ్ సర్కిల్ నడుమ ఉండేది. తరువాత రోడ్డు పనుల కోసం దానిని అక్కడి నుండి తీసివేశారు. కోస్తాలో ‘బొమ్మ సెంటర్’ అనే వ్యవహారం అరుదు కాదు. విగ్రహం ఉన్న చోటుకు దాని పేరు రావడానికి వీలుంది. ఇక్కడ మాత్రం ఒక ప్రముఖ నాయకుని స్మృతి కంటే ఒక లారీ కంపెనీ పేరే జనం నోట నిలిచింది. ఇందులో కృతఘ్నతను వెదకనవసరం లేదు. విగ్రహం చూడడానికి ఉన్నది, కంపెనీ వద్ద దిగవలసి వచ్చింది. పేరు దిగిన చోటును పట్టుకొంది.

దీనికి పోల్చదగినది డెల్టాలోనే ఉన్న హనుమాన్ జంక్షన్. విజయవాడ–ఏలూరు దారిలో నూజివీడు, గుడివాడ మార్గాలు కలిసే ఈ చోటుకు ఆంజనేయస్వామి గుడి వల్ల పేరు వచ్చింది. అక్కడ స్మారకం, మజిలీ ఒకటే. బండి ఆపి దండం పెట్టుకొని కొబ్బరికాయ కొట్టి సాగడం డ్రైవర్ల అలవాటు. దైవం కూడా ప్రయాణపు సౌకర్యాలలో భాగమైన చోట స్మృతికి, వ్యవహారానికి మధ్య ఎడం ఏర్పడలేదు. కూడలి పేరే ఊరి పేరైంది.

పైవంతెన: పేరు పెట్టని దారి

బెంజ్ సర్కిల్ వద్ద చెన్నై–కోల్‌కతా దిశలో నిర్మించిన రెండు సమాంతర పైవంతెనలలో మొదటిది 2020లో, రెండవది 2021 చివరలో రాకపోకలకు తెరుచుకొన్నాయి. ఇంద్రకీలాద్రికి, కృష్ణకు మధ్య ఇరుకు దారిలో కట్టిన కనకదుర్గ పైవంతెన 2020 అక్టోబరులో ప్రారంభమైంది. దూరప్రయాణపు వాహనం ఇప్పుడు బెంజ్ సర్కిల్‌ను చూడకుండానే బెంజ్ సర్కిల్ దాటుతుంది. రద్దీ తగ్గడం, అంబులెన్సుకు దారి దొరకడం, ప్రయాణ సమయం కలిసిరావడం కాదనలేని మేలు. కూడలి వద్ద గంటల తరబడి నిలిచిన అనుభవం ఉన్నవారెవరూ వంతెనలు వద్దనరు.

భాషాదృష్టితో గమనింపవలసినది వేరే ఉంది. ఈ కట్టడాలకు సొంత పేర్లు పుట్టలేదు. ‘బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్’, ‘దుర్గగుడి ఫ్లైఓవర్’ అంటూ అవి కింద ఉన్న చోటు పేరునే అరువు తెచ్చుకొన్నాయి. నది దాటే కట్టడానికి ‘వారధి’ అనే, రామకథలో సేతువుకు తెలుగువారు వాడే మాట దొరికింది. ఊరిని దాటే కట్టడానికి ఆంగ్ల పదమే మిగిలింది. కారణం వ్యాస ప్రతిపాదనకు అనుగుణంగానే ఉంది. పైవంతెన మీద ఎవరూ దిగరు. దిగని చోట అంగడి ఉండదు, అంగడి లేని చోట ఆనవాలు ఉండదు. చిన అవుటపల్లి నుండి గొల్లపూడి మీదుగా కృష్ణను దాటి చినకాకాని వరకు తలపెట్టిన పడమటి పక్కదారికి కూడా తల, తోక గ్రామనామాలే ఆధారమయ్యాయి.

ఆగే జనం మాయమైపోలేదు, కిందకు చేరారు. పైవంతెన నీడలో సిటీ బస్సుకు, ఆటోకు, రాత్రి బస్సుకు వేచి ఉన్నవారు, టీ అమ్మేవారు, పండ్ల బండ్లవారు అక్కడే ఉన్నారు. పైదారి దూరం పోయేవారిది, కిందిదారి ఊరివారిది అనే విభజన ఏర్పడింది. పాత కూడలిలో దూరప్రయాణికుడు, స్థానికుడు ఒకే హోటలులో ఎదురుపడేవారు. ఊరిపేరు పరదేశం పోయింది, పరదేశపు మాట ఊరికి వచ్చింది ఆ ఎదురుపాటు వల్లనే. జర్మన్ ఇంటిపేరు ఒకటి బెజవాడ స్థలనామం కావడమే దానికి రుజువు. ఆ ఎదురుపాటు తగ్గితే కొత్త పేర్ల పుట్టుక తగ్గుతుంది. ఉన్న పేర్లకు కారణాలు మరుగున పడతాయి.

అయితే ఆగడాన్ని పూర్తిగా రద్దు చేయడం ఏ కట్టడానికీ సాధ్యం కాదని 2024 సెప్టెంబరు వరదలు చూపాయి. బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్ పరిసరాలు నీట మునిగినప్పుడు అక్కడి పైవంతెన సహాయక చర్యలకు కేంద్రమైంది. మునిగిన ఇళ్ల నుండి పడవలలో తెచ్చినవారిని దాని దగ్గరే దించారు. ఆహారం, మంచినీరు అక్కడి నుండే లోపలికి వెళ్లాయి. ఎవరూ ఆగకుండా పోవడానికి కట్టిన వంతెన ఆ కొద్ది రోజులు వేల మందికి రేవు అయింది. కాలువలలో పడవలు నిలిచిపోయిన ఎన్నో దశాబ్దాల తరువాత నగరంలో పడవల రేవు మళ్లీ ఏర్పడింది, అదీ రోడ్డు వంతెన పాదాల వద్ద. ప్రణాళికలో సౌకర్యానికి చోటు లేని కట్టడం ఆపదలో ఏకైక సౌకర్యం కావడం ప్రణాళికాకర్తలు గమనింపవలసిన విషయం.

ముగింపు

బెజవాడ కూడళ్ల పేర్లలో నాలుగు పొరలు కనిపిస్తాయి. మొదటిది నదీతీరపు మఠం, సత్రాల మజిలీ. రెండవది కాలువల రేవు, లాకు. మూడవది మోటారు యుగపు స్టేజి, కంపెనీ, సెంటర్. నాలుగవది రోడ్డు ఆకారాన్ని చెప్పే రింగ్, సర్కిల్. మొదటి మూడింటిలో పేరు సౌకర్యం నుండి పుట్టింది. నాలుగవదానిలో సౌకర్యం పేరును వీడడం మొదలైంది. పైవంతెనలతో కొత్త పేరు పుట్టని దశ వచ్చింది.

గ్రామనామాలకు శాసనాలు సాక్ష్యం. కూడలి పేర్లకు సాక్ష్యం జ్ఞాపకం మాత్రమే. బెంజి కంపెనీని చూసినవారు, కాలువలో చివరి పడవలను ఎరిగినవారు వయోవృద్ధులు. ఆటోనగర్ మేస్త్రీలు, పాత బస్సు కండక్టర్లు, లారీ డ్రైవర్లు, రేవు దగ్గర పుట్టి పెరిగినవారు ఈ శాఖకు సమాచారదాతలు కాదగినవారు. వారి నుండి పేరు, ఉచ్చారణ, కారణం, కాలం, సరిహద్దు అనే అయిదు అంశాలను సేకరించి నమోదు చేయడం విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు చేపట్టగల పని. పాత బస్సు టికెట్లు, సినిమా కరపత్రాలు, దుకాణాల బిల్లులపై అచ్చైన చిరునామాలు ఆ మౌఖిక సాక్ష్యాన్ని సరిచూసుకోవడానికి తోడ్పడతాయి. దేవుడు నిలిచిన చోటును రాతిమీద చెక్కించుకొన్న ఊరు, మనుషులు ఆగిన చోట్లను కనీసం కాగితం మీద నిలుపుకోవలసి ఉంది.